పైపులో తడి వేరు, తారు వేరు: డిజైన్ ఎంతవరకు చేయగలదు?

క్లుప్తంగా: పొగాకు పైపులో చేరే తడిలో ఎక్కువ భాగం మంటలోనే పుట్టిన నీరు. దాన్ని చల్లబరిచి, పక్కకు దించి, పారబోసే ఏర్పాటు 1890 నుంచే ఉంది, అది బాగానే పనిచేస్తుంది కూడా. తారును, అంటే పొగలోని జిడ్డు పదార్థాన్ని, అలా వేరు చేయడం చాలా కష్టం. పొగలో అది ఏ రూపంలో ఉంటుందన్నదే అందుకు కారణం. పైపు పొడిగా ఉంటే తాగేవారికి ఇబ్బంది తగ్గుతుంది. ఆరోగ్యానికి ముప్పు తగ్గిందనడానికి మాత్రం ఆ పొడితనం ఆధారం కాదు.

గురగుర ఎక్కడిది?

పైపు వెలిగించిన కొంతసేపటికి మెడలో, అంటే పొగాకు నింపే గిన్నెకూ నోట్లో పెట్టుకునే కాడకూ మధ్య భాగంలో, గురగురమని చప్పుడు మొదలవుతుంది. ఆ తర్వాతి దమ్ముతో పాటు ఒక చేదు చుక్క నాలుక మీద పడుతుంది. ఉమ్మి వెనక్కి జారడం వల్లే ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. కొంత ఉమ్మి కలిసే మాట నిజమే. కానీ తడికి అసలు మూలం గిన్నెలోని నిప్పు.

పొగాకు ఆకులో సెల్యులోజ్, దానికి దగ్గరి పదార్థాలు దండిగా ఉంటాయి. వాటిలోని హైడ్రోజన్ కాలేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక గ్రాము సెల్యులోజ్ పూర్తిగా కాలితే దాదాపు 0.55 గ్రాముల నీటి ఆవిరి పుడుతుంది. అంటే ఎంత ఎండబెట్టిన ఆకైనా కాలితే నీరు వస్తుంది. ఆకులో ముందే ఉన్న తేమ దీనికి అదనం. పైపు పొగాకును సిగరెట్ పొగాకు కన్నా కాస్త తడిగానే అమ్ముతారు. ఎండిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలిపే మిశ్రమాలూ చాలానే ఉన్నాయి.

గిన్నెలో నింపిన పొగాకు మొత్తం పూర్తిగా కాలదు. పుట్టిన ఆవిరిలో చాలా భాగం దమ్ముకూ దమ్ముకూ మధ్య పైనుంచే పోతుంది. మెడలోకి వచ్చే వాటా తక్కువే అయినా చిక్కు తెచ్చిపెట్టడానికి అది చాలు. మెడలో పొగ వెళ్లే రంధ్రం వ్యాసం సాధారణంగా 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 మిల్లీమీటర్ల రంధ్రంలో ఒక సెంటీమీటరు పొడవు నిండడానికి 0.13 మిల్లీలీటర్ల నీరు సరిపోతుంది. అంటే రెండు మూడు చుక్కలు. ఆ చుక్కల మధ్య నుంచి పొగ బుడగలుగా దూరడమే మనకు వినిపించే గురగుర.

ఆవిరి నీరుగా మారడానికి కారణం కుండ మూత లోపలివైపు చుక్కలు పట్టడానికి కారణమే. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు గాలి సుమారు 130 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 30 డిగ్రీలకు చల్లబడితే 30 మిల్లీగ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 100 మిల్లీగ్రాములు ఎక్కడో ఒకచోట నీరుగా దిగాల్సిందే. ఎక్కడ దిగాలో డిజైన్ నిర్ణయించకపోతే మెడలోని అతుకు నిర్ణయిస్తుంది. కాడ మెడలోకి దూరే చోట లోపల ఒక మిల్లీమీటరు ఖాళీ మిగిలినా పొగ అక్కడ సుడి తిరుగుతుంది, గోడలకు తగులుతుంది, తడిని వదులుతుంది. ఒకే కొలతతో చేసిన రెండు పైపుల్లో ఒకటి గురగురలాడి మరొకటి లాడకపోవడానికి చాలాసార్లు ఈ చిన్న ఖాళీయే కారణం.

నాలుక మంటకూ ఈ తడికీ కూడా సంబంధం ఉంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ మార్పు మెడలో జరిగితే వేడి చెక్కకు పోతుంది. నోట్లో జరిగితే నాలుకకు తగులుతుంది. గబగబా దమ్ము లాగేవారికి నాలుక ఎక్కువగా మండటానికి ఇదొక కారణం. కొన్ని రకాల ఆకుల పొగలో ఉండే క్షారగుణం ఇంకొకటి.

నీటిని పట్టుకోవచ్చు, తారు జారిపోతుంది

ఇక్కడే అసలు చిక్కు. నీరు, తారు రెండూ ఒకే దారిలో ఒకేసారి వస్తాయి. కానీ వాటి స్వభావాలు వేరు. తారులోని బరువైన పదార్థాలు నిప్పు నుంచి కాస్త దూరం రాగానే చల్లబడి సన్నని బిందువులవుతాయి. నీరు చాలావరకు ఆవిరిగానే ఉండి, ఇంకా చల్లబడ్డాకే చుక్క కడుతుంది. కాగితం మీద చూస్తే పరిష్కారం తేలిగ్గానే కనిపిస్తుంది. నిప్పుకు దగ్గరగా వేడి చోట తారుకు ఒక గుంట, దూరంగా చల్లని చోట నీటికి మరో గుంట పెడితే సరి.

ఆచరణలో తారు ఆ గుంటలోకి దిగదు. దాని బిందువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. మలుపు వచ్చినప్పుడు పెద్ద చుక్క తన వేగంతో నేరుగా పోయి గోడకు కొట్టుకుంటుంది. ఇంత చిన్న బిందువు గాలితో పాటే మలుపు తిరిగిపోతుంది. మనం పొగ అని పిలిచే తెల్లటి మేఘం కంటికి కనిపించేదే ఈ బిందువుల వల్ల. మూతి దగ్గర పొగ కనిపిస్తోందంటే తారు దాటి వచ్చిందనే అర్థం.

సిగరెట్ పొగను కొలిచే ప్రయోగశాలల్లో తారుకు ఇచ్చే నిర్వచనం ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. పొగను గాజు నార ఫిల్టర్ గుండా లాగి, దానిమీద చేరిన మొత్తం బరువులోంచి నీటినీ నికోటిన్‌నూ తీసేస్తే మిగిలేది తారు. అంటే ప్రయోగశాలలో కూడా వాటిని ముందు కలిపి పట్టుకుని, తర్వాత రసాయన విశ్లేషణతో విడదీస్తారు. జేబులో పట్టే ఒక చెక్క పైపు దమ్ము దమ్ముకూ ఆ పని చేసేస్తుందనడం నమ్మదగ్గ మాట కాదు.

మెడలో, సంపులో (నీరు చేరేలా మెడలో తొలిచే గుంటలో) దిగే గోధుమరంగు నీళ్లలో తారు కొంత కరిగి, కొంత తేలుతూ ఉంటుంది. నీటిని పట్టుకుంటే దానితో పాటు తారులో కొంత భాగం దొరుకుతుందన్నది నిజం. అయితే ఆ దొరికేది కొంతే.

పీల్చుకునే గిన్నెలు

తొలి పరిష్కారాలన్నీ గిన్నె పదార్థంలోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దం చివర నుంచి వాడిన తెల్లమట్టి పైపు తడినీ తారునూ కలిపి పీల్చుకునేది. నల్లబడిన పైపులను ఇనుప చట్రంలో పేర్చి మళ్లీ కాల్చేవారు. ఆ వేడికి తారు మాడిపోయి మట్టి తిరిగి తెల్లబడేది. మిగతా ఏ పైపుకూ లేని వెసులుబాటు అది.

టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికే మీర్‌షామ్ రాయి కూడా సూక్ష్మరంధ్రాలతో నిండి ఉంటుంది. తాగే కొద్దీ అది తెలుపు నుంచి తేనెరంగుకు మారుతుంది. అమెరికాలో మొక్కజొన్న కండెతో చేసే పైపును మిస్సోరీ రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో హెన్రీ టిబ్బె 1869లో వ్యాపారంగా మొదలుపెట్టారు. కండె బాగా పీల్చుకుంటుంది, కానీ త్వరగా పాడవుతుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ కేంద్రంగా వ్యాపించిన బ్రయర్ చెక్క కండె కన్నా తక్కువే పీలుస్తుంది. దాని బలం వేడిని తట్టుకోవడంలో ఉంది. బ్రయర్ పొద వేరు దగ్గరి దుంపను గంటల తరబడి ఉడకబెట్టి, నెలల కొద్దీ ఆరబెట్టాకే అది పైపుకు పనికొస్తుంది.

పీల్చుకోవడం అంటే వేరు చేయడం కాదు. వాడిన గిన్నెను ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలని పైపు తాగేవారు ఒకరికొకరు చెప్పుకునేది అందుకే. అలా ఆరబెడితే నీరు పోతుంది, తారు గోడలోనే ఉండిపోతుంది.

మన దేశపు చిలుంలో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. మట్టి గొట్టంలో అడుగున ఒక చిన్న రాయి వేస్తారు. నిప్పు, నుసి కిందికి జారకుండా అది అడ్డుపడుతుంది. కింది మూతికి తడిబట్ట చుడతారు. ఘనపదార్థాన్ని ఒకచోట, జిడ్డును మరోచోట ఆపాలన్న ఆలోచన ఇంత సాదా పరికరంలో కూడా ఉంది. ఖరీదైన పైపుల్లో కూడా చాలావాటిలో ఆ రాయి చేసే పనికి ఏ ఏర్పాటూ లేదు. గిన్నె అడుగున తడిసిన సగం కాలిన పొగాకు ముద్దకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది.

పీటర్సన్ సంపు

నీటిని గట్టిగా వేరు చేసిన తొలి విజయవంతమైన డిజైన్ డబ్లిన్ నుంచి వచ్చింది. లాట్వియా నుంచి వలస వచ్చిన చార్లెస్ పీటర్సన్ అక్కడ కాప్ కుటుంబంతో కలిసి పైపులు చేసేవారు. 1890లో ఆయన ‘సిస్టమ్’ పైపుకు పేటెంట్ తీసుకున్నారు. ఒక శతాబ్దానికి పైగా అదే సూత్రంతో ఆ పైపులు తయారవుతున్నాయి.

ఆ పైపును నిలువుగా కోసి చూస్తే ఏర్పాటు అర్థమవుతుంది. మామూలు పైపులో గిన్నె నుంచి వచ్చే రంధ్రం నేరుగా కాడ రంధ్రంలో కలుస్తుంది. ఇక్కడ మెడను రంధ్రం మట్టం కన్నా లోతుగా, వెడల్పుగా తొలిచారు. గిన్నె నుంచి వచ్చే సన్నని రంధ్రం ఆ గదిలో పైభాగాన తెరుచుకుంటుంది. పొగ ఇరుకు దారిలోంచి ఒక్కసారిగా వెడల్పు గదిలోకి వస్తుంది, వేగం తగ్గుతుంది, చల్లటి గోడలను తాకుతుంది. చుక్కకట్టిన నీరు కింద గుంటలోకి దిగుతుంది. కాడ మొదలు పైన ఉంటుంది కాబట్టి ఆ నీరు తిరిగి పొగదారిలోకి రాదు. ఇళ్ల ముందు నీళ్ల సంపులో పైపును మట్టానికి పైనే ఉంచే సూత్రమే ఇది.

ఈ డిజైన్‌లో అంతగా ఎవరూ పట్టించుకోని భాగం మెడ చివరి లోహపు పట్టీ. మామూలు పైపులో కాడను వేడి మీద లాగితే మెడ పగిలే ప్రమాదం ఉంది, చల్లారేదాకా ఆగమంటారు. సంపు పైపులో అలా ఆగితే నీరు గుంటలోనే చిక్కబడుతుంది. అందుకే కాడను బిగుతైన జోడింపుగా కాకుండా కొస సన్నగిల్లేలా చెక్కి లోహపు పట్టీలోకి నెట్టేలా చేశారు. పైపు వేడిగా ఉన్నప్పుడే కాడ ఊడదీసి, నీటిని విదిలించి, మళ్లీ పెట్టి తాగవచ్చు. వేరు చేసిన నీటిని అప్పుడే పారబోసే వీలు లేకపోతే సంపు ఉండి పెద్దగా లాభం లేదు. ఆ సంగతి పీటర్సన్‌కు తెలుసు.

1898లో ఆయన కాడ కొసన నోట్లో పెట్టుకునే మూతి డిజైన్‌కు ఇంకో పేటెంట్ తీసుకున్నారు. పొగ నాలుక మీదికి నేరుగా రాకుండా అంగిలివైపు వెళ్లేలా రంధ్రాన్ని పైకి తిప్పారు. దీంతో నాలుక మంట తగ్గుతుందని చెప్పేవారు. పొగలోని పదార్థాలు మాత్రం అవే.

లోపాలూ ఉన్నాయి. సంపు గురుత్వాకర్షణ మీద ఆధారపడుతుంది కాబట్టి వంపు పైపుల్లో బాగా పనిచేస్తుంది, తిన్నని పైపుల్లో అంతగా చేయదు. పైపును బల్ల మీద పడుకోబెడితే గుంటలోని నీరు వెనక్కి పారి గిన్నె అడుగును తడుపుతుంది. మరో ఇబ్బంది శుభ్రతది. దారి తిన్నగా లేదు కాబట్టి కాడ ఊడదీయకుండా పైపు క్లీనర్ గిన్నెదాకా వెళ్లదు. సంపు మూలల్లో చేరిన జిడ్డును దూదితోనో బట్టతోనో విడిగా తుడవాలి. అలా తుడవని పైపుకు కొన్నాళ్లకు పుల్లటి వాసన పట్టుకుంటుంది.

లోహంతో చల్లబరచడం

చెక్క వేడిని త్వరగా వదలదు. నీటిని వేగంగా దించాలంటే లోహం మేలు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విమాన ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఫ్రెడరిక్ కిర్‌స్టెన్ 1930లలో ఈ దారి పట్టారు. ఆ విశ్వవిద్యాలయంలోని విండ్ టన్నెల్ ప్రయోగశాల ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆయన పైపులో మెడ స్థానంలో అల్యూమినియం గొట్టం ఉంటుంది. వేడిని బయటికి వదిలే రేడియేటర్ పని అది చేస్తుంది. గొట్టాన్ని తెరిచి లోపల దిగిన తడినీ తారునూ తుడిచేయవచ్చు.

అమెరికాలోనే పుట్టి తర్వాత ఇంగ్లండ్‌లో తయారైన ఫాల్కన్ పైపులో గిన్నెను లోహపు కప్పు మీదికి మరతో బిగిస్తారు. గిన్నె అడుగు రంధ్రం నుంచి నీరూ నుసీ నేరుగా కప్పులోకి పడతాయి. గిన్నె తిప్పి తీస్తే మొత్తం కళ్ల ముందే ఉంటుంది. శుభ్రత విషయంలో దీన్ని మించిన ఏర్పాటు అరుదు. తడిని పీల్చడానికి కప్పులో కాగితపు రింగు వేసే పద్ధతీ ఉంది.

లోహానికి తన సమస్య ఉంది. అది చల్లబరుస్తుంది, పీల్చుకోదు. దిగిన ప్రతి చుక్కా అక్కడే ఉంటుంది, పైపు వంచితే కదులుతుంది. మరల మధ్య చేరిన తారు చల్లారాక జిగురులా పట్టేస్తుంది. మర్నాడు గిన్నె తిరగదు.

ఫిల్టర్ వేరు చేస్తుందా?

జర్మనీలోని న్యూరెంబర్గ్ కంపెనీ వావెన్ 1934లో డాక్టర్ పెర్ల్ ఫిల్టర్‌ను తెచ్చింది. జర్మనీలో ఇప్పుడు 9 మిల్లీమీటర్ల ఫిల్టర్లు వాడుక, వాటిలో చాలావాటి లోపల యాక్టివేటెడ్ కార్బన్ (సూక్ష్మరంధ్రాల బొగ్గు) ఉంటుంది. ఇటలీలోని మిలాన్‌కు చెందిన పైపుల కంపెనీ సావినెల్లి తేలికైన బాల్సా చెక్క ముక్కను వాడుతుంది.

వీటిని సంపుతో పోల్చడం సరికాదు. సంపు నీటిని దారి నుంచి తప్పిస్తుంది. ఫిల్టర్ నీటినీ తారునూ దారి మధ్యలోనే ఒకచోట కలిపి ఆపుతుంది. తడిసే కొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది, తాగేవారు ఇంకా గట్టిగా లాగుతారు, నిప్పు వేడెక్కుతుంది, ఇంకా ఆవిరి పుడుతుంది. కార్బన్ కొన్ని వాయువులను బాగా పట్టుకోగలదు. కానీ దాని రంధ్రాలను నీరు ఆక్రమిస్తే ఆ శక్తి తగ్గుతుంది. ఈ లెక్కన ఫిల్టర్‌కు ముందు ఒక సంపు ఉండాలి. రెండూ కలిస్తే మెడ లావెక్కుతుంది, పైపు బరువెక్కుతుంది, పళ్ల మధ్య నిలవదు.

కొత్తగా గీయాలంటే

పై అనుభవాలన్నీ కలిపి చూస్తే నీటినీ మిగతా వ్యర్థాన్నీ వేరుగా ఉంచే పైపుకు కావాల్సినవి తేలుతాయి. గిన్నె అడుగున చిలుం రాయి లాంటి అడ్డు ఉండాలి, లేకపోతే నుసి నీటిలో కలిసి ముద్దవుతుంది. గిన్నెకూ గదికీ మధ్య దారి పొట్టిగా, నునుపుగా ఉండాలి. గది గోడ లోహంతో ఉండాలి, బయట చెక్క తొడుగు ఉంటే చెయ్యి కాలదు. సంపు అంచు లోపలికి వంగి ఉంటే పైపు పక్కకు పడినా నీరు వెనక్కి రాదు. పరిమాణం విషయంలో ఆందోళన అక్కర్లేదు, ఒకటి రెండు మిల్లీలీటర్లు పట్టే గుంట ఒక గిన్నె పొగాకుకు సరిపోతుంది.

మెడ లోపల గరాటులా వెడల్పయ్యే గదిని పెట్టే ‘రివర్స్ కలాబాష్’ పద్ధతిని ఈమధ్య చేతిపని కళాకారులు ఎక్కువగా వాడుతున్నది ఈ ఆలోచనతోనే. దక్షిణాఫ్రికా సొరబుర్ర పైపులో గిన్నె కింద ఉండే ఖాళీని వీళ్లు మెడలోకి మార్చారు.

కుదరనిది ఒకటుంది. సంపు బాగా పనిచేయాలంటే దారి మెలిక తిరగాలి. క్లీనర్ సులువుగా దూరాలంటే దారి తిన్నగా ఉండాలి. రెండూ కావాలంటే పైపు పూర్తిగా విడిపోవాలి, విడిపోయే ప్రతి అతుకూ తారు పట్టుకునే చోటే. డిజైనర్ ఎవరైనా ఇక్కడ ఒక పక్షం ఎంచుకోక తప్పదు. రోజూ తుడిచే ఓపిక ఉన్నవారికి సంపు, లేనివారికి తిన్నని దారి అనుకోవడమే వాస్తవానికి దగ్గర.

పొడిగా ఉంటే ముప్పు తగ్గుతుందా?

గొంతుకు చల్లగా, నాలుకకు పొడిగా తగిలే పొగ ‘శుభ్రమైనది’ అనిపించడం సహజం. ఇదే పొరపాటు హుక్కా విషయంలోనూ చూస్తున్నాం. నీటి గుండా వచ్చిన పొగ చల్లబడుతుంది, మెత్తబడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ దాన్ని దాదాపు అలాగే దాటుతుంది, తారు బిందువులు బుడగల లోపల ప్రయాణించి అవతల తేలుతాయి. హుక్కా పార్లర్లను నిషేధిస్తూ తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో బిల్లు ఆమోదించింది.

పైపుకూ క్యాన్సర్‌కూ ఉన్న లింకు ఈనాటి మాట కాదు. పైపు తాగేవారిలో పెదవి క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని జర్మన్ వైద్యుడు సోమరింగ్ 1795లోనే రాశారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఎప్పుడూ పొగాకు వాడనివారితో పోలిస్తే కేవలం పైపు తాగే పురుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు 5 రెట్లు ఉన్నట్టు తేలింది. గొంతు, నోటి క్యాన్సర్లలో కూడా పెరుగుదల ఉంది. పొగను లోపలికి పీల్చకుండా నోట్లోనే తిప్పినా నికోటిన్ నోటి పొర ద్వారా ఎక్కుతుంది.

గొట్టమే లేకపోతే ఏమవుతుందో ఉత్తరాంధ్ర తీరం చూపిస్తుంది. అక్కడ కొందరు, ముఖ్యంగా మహిళలు, చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. వేడి, తడి, తారు అన్నీ అంగిలి మీదే దిగుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగ తాగేవారి అంగిలి మీద వచ్చే మార్పులను వివరంగా నమోదు చేసింది. ఒక పైపు మెడ, సంపు ఆ భారంలో కొంత తమ మీద వేసుకుంటాయి. ఎంత అన్నది దమ్ము వేగాన్ని బట్టి, పొగాకును బట్టి, ఎంత తరచుగా శుభ్రం చేస్తారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అంత నిలకడ లేని అంశం మీద ఆరోగ్య భరోసా కట్టడం కుదరదు.

ఫిల్టర్ అన్న మాట ఇచ్చే ధైర్యానికి సిగరెట్ చరిత్రలో ఒక హెచ్చరిక ఉంది. అమెరికాలో కెంట్ సిగరెట్లకు 1952 నుంచి 1956 వరకు పెట్టిన మైక్రోనైట్ ఫిల్టర్‌లో నీలి ఆస్బెస్టాస్ (క్యాన్సర్ తెచ్చే ఖనిజ నార) ఉండేది. ఆరోగ్యానికి రక్షణ అని అమ్మిన ఆ ఫిల్టర్ నుంచే ఆస్బెస్టాస్ నారలు పొగలోకి వచ్చాయి.

సంపులో దిగే నీటిలో నికోటిన్ కూడా ఉంటుంది, చర్మం గుండా కూడా అది ఒంట్లోకి వెళ్లగలదు. దాన్ని పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనిచోట పారబోసి చేతులు కడుక్కోవాలి. భారతదేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం షెడ్యూల్‌లో పైపు పొగాకు, హుక్కా పొగాకు పేర్లు సిగరెట్, బీడీలతో పాటే ఉన్నాయి. చట్టం చూసేది లోపలి పొగాకునే. ఏ డిజైన్ పైపులో తాగినా ప్యాకెట్ మీది హెచ్చరికలు, బహిరంగ ప్రదేశాల్లో నిషేధం ఒకేలా వర్తిస్తాయి.